ఆధునిక పేగన్ ఋతుపర్వాలు: ప్రాచీనత, ప్రయోజనం

క్రైస్తవానికి పూర్వం ఐరోపాలో ఉన్న ప్రకృత్యారాధనను పునరుద్ధరించదలచిన నేటి పేగన్ సముదాయాలలో అనేకం ఏటా ఎనిమిది పండుగలు జరుపుకొంటాయి. రెండు విషువత్తులు, రెండు అయనాంతాలు, వాటి నడుమ వచ్చే సావిన్, ఇంబోల్క్, బెల్టేన్, లూనసా అనే గేలిక్ పర్వాలు కలిసి 'సంవత్సర చక్రం' అవుతాయి.

ఈ ఎనిమిదింటినీ ఏ ప్రాచీన జాతీ ఒకే వరుసలో ఆచరించినట్లు ఆధారాలు లేవు. 20వ శతాబ్ది మధ్యకాలంలో బ్రిటన్‌లోని విక్కన్లు, డ్రూయిడ్లు దీనిని కూర్చారు. శరద్విషువత్తుకు 'మేబన్' అనే పేరును 1970లలో అమెరికావాసి ఏడన్ కెల్లీ పెట్టాడు. అలాగని వీటిని కృత్రిమాలని తోసిపుచ్చవచ్చునా?

ఆచరించేవారు ఏ పండుగను ఎందుకు అభిమానిస్తారో పరిశీలిస్తే సమాధానం లభిస్తుంది. అక్టోబరు 31 రాత్రి మొదలయ్యే సావిన్ చాలామందికి ప్రీతిపాత్రం. కోతలు ముగిసి చలికాలం ప్రవేశించే ఆ సంధివేళ మృతులు చేరువవుతారని వారి విశ్వాసం. దివంగతుల పటాల వద్ద దీపాలు వెలిగిస్తారు; కొందరు భోజనవేళ వారికొక ఆసనం విడిచి ఉంచుతారు. అంత్యక్రియలతో తీరని దుఃఖానికి ఆ రాత్రి ఒక స్థానం కల్పిస్తుంది. మే నెలారంభపు బెల్టేన్‌ది ఇందుకు భిన్నమైన ఆకర్షణ. పూర్వం ఐర్లండులో పశువులను రెండు మంటల నడుమ తోలేవారు. ఎడిన్‌బరో కాల్టన్ కొండపై 1988లో ఆరంభమైన అగ్న్యుత్సవంలో నగరవాసులు వసంతాన్ని సామూహికంగా స్వాగతిస్తారు.

ఋతువులు తారుమారయ్యే ఆస్ట్రేలియాలో పలువురు పేగన్లు సావిన్‌ను ఏప్రిల్ చివర జరుపుకొంటారు. వారు తేదీని వదిలి ఋతువును నిలుపుకొన్నారు. కనుక ఈ పర్వాల ప్రామాణ్యాన్ని వయస్సుతో గాక, అవి తీర్చే అవసరంతో నిర్ణయించడం సమంజసం.