అరగాల్సింది కార్బన్లే

1895 మే 7న మద్రాసు వీధుల్లో కరెంటు ట్రాము పట్టాలెక్కింది. మన దేశంలో కరెంటుతో నడిచిన ట్రాముల్లో అదే మొదటిది. అదే ఏడాది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ చేత్తో పట్టుకుని వాడే విద్యుత్ డ్రిల్లును తయారుచేసింది. మద్రాసు ట్రాము 1953లో ఆగిపోయింది. డ్రిల్లు వంశం మాత్రం పెరుగుతూనే ఉంది. ఈనాడు చెన్నై రాయపురంలో కార్లకు మెరుగు పెట్టే బఫింగ్ మిషను ఆ వంశంలోదే. ట్రాము మోటారుకూ దీనికీ ఉమ్మడిగా ఉన్న భాగం ఒకటుంది. వేలెడంత కూడా లేని ఆ బొగ్గుముక్కను మెకానిక్ షెడ్లలో ‘కార్బన్’ అంటారు. మిషను ఎన్నాళ్లు బతుకుతుందన్నది చాలావరకు దాన్ని మనం ఎలా చూసుకుంటామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మోటారులో తిరిగే భాగం ఆర్మేచర్. తిరిగే వస్తువులోకి తీగ కట్టి కరెంటు పంపలేం. అందుకని దాని ఒక కొసన రాగి పలకలను గుండ్రంగా పేర్చి, వాటికి పక్కనుంచి ఏదో ఒకటి ఆనించాలి. ఆ రాగి పలకల వలయమే కమ్యుటేటర్. తొలినాళ్లలో రాగితీగల కట్టను ఆనించేవారు. రాగి మీద రాగి ఒరుసుకుని నిప్పులు కక్కేది, కమ్యుటేటర్ చారలు పడేది. 1885లో జార్జ్ ఫోర్బ్స్ ఆ చోట కార్బన్ పెట్టవచ్చని పేటెంటు తీసుకున్నాడు. మూడేళ్లకు అమెరికాలో వాన్ డిపోల్ దాన్ని ట్రాము మోటార్లలో వాడి చూపించాడు. కార్బన్ కరెంటును పోనిస్తుంది, జారుడుగా ఉంటుంది, రాగి కంటే మెత్తన కాబట్టి తానే అరుగుతుంది. ఖరీదైన రాగి నిలవడానికి చవకైన బొగ్గు అరిగిపోవడం, ఆ ఏర్పాటులోని తెలివి నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

కార్బన్ బాగా పనిచేయాలంటే గాలిలో తేమ ఉండాలి. రాగి మీద ఆక్సైడు, గ్రాఫైటు కలిసిన పలచని పొర ఏర్పడుతుంది. నీటి ఆవిరి అణువులు చేరితేనే ఆ గ్రాఫైటు సాఫీగా జారుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాగా ఎత్తున ఎగిరిన విమానాల్లో జనరేటర్ల కార్బన్లు కొద్ది గంటల్లోనే పొడి అయిపోయేవి. ఆ ఎత్తులో గాలి మరీ పొడిగా ఉండటమే కారణమని తర్వాత తేలింది. ఆ లెక్కన సముద్రం ఒడ్డున ఉన్న రాయపురం కార్బన్లకు మంచి చోటే. కమ్యుటేటర్ చాక్లెట్ రంగులో నునుపుగా కనిపిస్తోందంటే ఆ పొర చక్కగా కుదిరిందని అర్థం.

అయితే ఆ సముద్రపు గాలే ఉప్పును కూడా మోసుకొస్తుంది. కాశిమేడు చేపల రేవు వైపు నుంచి వచ్చే గాలి మిషను గాలిరంధ్రాల్లోకి దూరి సన్నని ఉప్పు పొరను వదులుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే నీటిని పీల్చుకుని కరుగుతుంది. చెన్నైలో రాత్రుళ్లు, తెల్లవారుజామున తేమ ఆ హద్దు దాటడం మామూలే. రాత్రంతా షెడ్డులో పడి ఉన్న మిషను లోపల కార్బన్ పొడి, ఉప్పునీరు కలిసి కరెంటు దొంగదారిన పోవడానికి బాట వేస్తాయి. బేరింగుల ఉక్కు తుప్పు పడుతుంది. పని అయ్యాక గాలి కొట్టి, తుడిచి, మూతపడే పెట్టెలో పెట్టిన మిషనుకూ, బయట మేకుకు వేలాడదీసిన మిషనుకూ ఆయుష్షులో తేడా వచ్చేది ఇక్కడే.

మిషన్లు ఎక్కువగా చచ్చేది మాత్రం వేడితో. దానికి పునాది పుట్టుకలోనే ఉంది. 1954లో జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ వేగంగా తిరిగే యాంగిల్ గ్రైండరు తెచ్చింది. బఫింగ్ మిషను దాదాపు ఆ ఒళ్లే. తేడా అంతా వేగంలోనే ఉంది. చిన్న గ్రైండరు నిమిషానికి 11 వేల చుట్లు తిరిగితే, మెరుగుపెట్టే మిషను 600 నుంచి 3 వేల వరకే తిరగాలి. ఎందుకంటే కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పై పూత మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే, మన తలవెంట్రుక కంటే పలచన. 180 మిల్లీమీటర్ల ప్యాడు 1,500 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఆ పూతను రాస్తుంది. అంతకు మించి తోలితే పూత కాలుతుంది.

మోటారును చల్లబరిచే ఫ్యాను ఆర్మేచర్ ఇరుసుకే బిగించి ఉంటుంది. వేగం తగ్గిస్తే గాలీ తగ్గుతుంది. అప్పుడే మనిషి గీతలు పోవాలని బలంగా అదుముతాడు. వేగం పడిపోకుండా మిషనులోని ఎలక్ట్రానిక్ బోర్డు ఇంకా కరెంటు పంపుతుంది. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. నడిఎండలో కూలి పని రెట్టింపు చేసి, తాగే నీళ్లు సగం చేసినట్టు అవుతుంది మోటారు పని. తీగల మీది వార్నిషు లాంటి ఇన్సులేషన్ గురించి జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు మాంట్‌సింజర్ 1930లో ఒక లెక్క చెప్పాడు. ఉష్ణోగ్రత ఎనిమిది, పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని. ఇంజినీర్లు ఇప్పటికీ ఆ లెక్కనే పట్టుకుని ఉన్నారు. దీనికి తోడు సన్న తీగతో పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే వోల్టేజీ పడిపోతుంది, బరువు మీద మోటారు ఇంకా నెమ్మదిస్తుంది.

అందుకే నెమ్మదిగా అదిమి తోలిన పని అయిన వెంటనే స్విచ్చు ఆపేయడం మంచిది కాదు. ప్యాడును కారు మీంచి పైకి లేపి, ఒకటి రెండు నిమిషాలు బరువు లేకుండా వేగంగా తిరగనిస్తే ఫ్యాను లోపలి వేడిని తోసేస్తుంది. పైసా ఖర్చు లేని ఈ అలవాటు ఆర్మేచర్లను కాపాడినంతగా మరేదీ కాపాడదు.

వైండింగ్ మేస్త్రి బల్ల మీదికి వచ్చిన మిషను తన కథ తానే చెబుతుంది. కమ్యుటేటర్ చుట్టూ వలయంలా నిప్పులు వస్తుంటే ఆర్మేచర్‌లో చుట్టలు కలిసిపోయాయనో తెగాయనో అనుమానించాలి. గరగరమంటే బేరింగు. కర్రుమంటూ వణుకుతుంటే గేరు పళ్లు, లేదా ఎండిపోయిన గ్రీజు. తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం అయితే ముందు కార్బన్లు చూడాలి. మంచి కార్బన్లలో చిన్న స్ప్రింగు పిన్ను ఉంటుంది. కార్బన్ చివరికొచ్చాక అది బయటికి పొడుచుకొచ్చి మిషనును ఆపేస్తుంది. పాడైందనుకున్న మిషను ఒక్కోసారి తన ఆర్మేచర్‌ను తానే కాపాడుకుని ఉంటుంది. కార్బన్లు జతగానే మార్చాలి. వేరే మిషను కార్బన్‌ను ఆకురాయితో అరగదీసి దూర్చడం తప్పు. కొలత సరిపోయినా గట్టిదనం వేరు కావచ్చు, అప్పుడది కమ్యుటేటర్‌నే తినేస్తుంది. బ్రాడ్‌వే వైపు పనిముట్ల దుకాణాలకు పాత ముక్కను పట్టుకెళ్లి అదే రకం అడిగి తెచ్చుకోవాలి.

ప్యాడు గుండ్రంగా తిరుగుతూనే పక్కకూ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషన్ల జబ్బు ఇంకోటి. ఇటలీ కంపెనీ రూపెస్ 15, 21 మిల్లీమీటర్ల ఊపుతో బిగ్‌ఫుట్ మిషన్లు తెచ్చాక ఇవి బాగా వ్యాపించాయి. వీటిలో ఊపుకు ఎదురుగా సరితూకపు బరువు ఉంటుంది. దాన్ని ఫలానా ప్లేటుకు, ఫలానా ప్యాడుకు లెక్కేసి పెడతారు. బరువైన ప్యాడు తగిలిస్తే తూకం చెడి ఆ వణుకంతా బేరింగు మీద పడుతుంది. నీళ్లు, మెరుగు పెట్టే కాంపౌండు ముద్ద లోపలికి జారితే గ్రీజు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు కార్బన్లే లేని బ్రష్‌లెస్ మిషన్లు వస్తున్నాయి. ఈ మార్పు రాయపురం ముందే చూసింది. 1856లో దక్షిణాది మొదటి రైలు బయలుదేరిన రాయపురం స్టేషను దగ్గరే ఎలక్ట్రిక్ లోకో షెడ్డు ఉంది. అక్కడి డబ్ల్యూఏపీ-7 ఇంజన్లలో కార్బన్లు లేని త్రీఫేజ్ మోటార్లు నడుస్తాయి. పాత డబ్ల్యూఏపీ-4 ఇంజన్ల డీసీ మోటార్లకు కార్బన్లు ఉండేవి. అరిగే భాగం తగ్గింది, ఆ పని ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లింది. రైల్వే షెడ్డులో ఆ ఎలక్ట్రానిక్స్‌ను పరీక్షించే మనుషులు, సాధనాలు ఉంటాయి. వీధి షెడ్డులో ఉండవు. బ్రష్‌లెస్ మిషను బోర్డును చాలా కంపెనీలు తేమ సోకకుండా జిగురులో ముంచి బిగిస్తాయి. ఉప్పుగాలికి అది మంచి కవచమే, కానీ అందులో ఒక్క భాగం పోయినా విప్పి అతకడం కుదరదు, బోర్డు మొత్తం మార్చాల్సిందే. కొనేముందు వారంటీ ఎన్నేళ్లన్న దానికంటే, ఆ బోర్డు విడిగా అమ్ముతారా, ఎంతకు అమ్ముతారు అన్నదే ముందు అడగాలి.