పలకని తీగ

రెండో అంతస్తులో కొన్ని సర్వర్లు, నాలుగో అంతస్తులో కొన్ని. అంతస్తుకో స్విచ్, రెంటినీ కలుపుతూ గోడలోని డక్టు గుండా ఒక కేబుల్. ఓ రాత్రి ఎలుక ఆ కేబుల్‌ను కొరికిందంటే పైవాటికీ కిందివాటికీ మాటల్లేవు. ఎవరికైనా వెంటనే తట్టే ఉపాయం, ఇంకో కేబుల్ లాగి పెట్టుకోవడం. కాకపోతే ఒకప్పుడు ఆ రెండో కేబుల్ గుచ్చితే ఎలుక చెయ్యలేని పని మన ముందుజాగ్రత్తే చేసి పెట్టేది. కొద్ది క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలేది.

కారణం ఈ కేబుళ్ల మీద నడిచే ఈథర్‌నెట్ పద్ధతి పుట్టుకలోనే ఉంది. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ దాన్ని ఊహించినప్పుడు, యంత్రాలన్నీ ఒకే కేబుల్‌కు తగులుకుని ఉంటాయన్నది లెక్క. ఒకే వసారాలో కూర్చున్న బంధువుల్లాగా, ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. సమాచారపు మూటను ఫ్రేమ్ అంటారు. మనం కవరు అనుకుందాం. కవరు మీద ఎవరి నుంచి, ఎవరికి అని ఉంటుంది. ఎన్ని చేతులు మారిందన్న గుర్తు మాత్రం ఉండదు. చేతులే మారని చోట దాంతో పనేముంది?

ఆ తర్వాత కార్యాలయాలు పెరిగాయి. లావుపాటి కేబుల్ ముక్క 500 మీటర్లు మించకూడదు. ముక్కనూ ముక్కనూ కలిపే పెట్టె కావలసి వచ్చింది. 1980ల మధ్యలో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ (డెక్) అలాంటి పెట్టెను తయారుచేసి బ్రిడ్జ్ అంది. నేటి స్విచ్‌కు అది తాత. "అందరికీ" అని రాసున్న కవరు వస్తే, వచ్చిన పోర్ట్ (కేబుల్ గుచ్చే చోటు) తప్ప మిగతా పోర్టులన్నిటి నుంచీ పంపేస్తుంది. ఇప్పుడు మన రెండు కేబుళ్లను తలుచుకోండి. మొదటి దాని మీద పైకెళ్లిన ఆ కవరు రెండో దాని మీద కిందికొస్తుంది, మళ్లీ మొదటి దాని మీద పైకి. చేతులు మారిన లెక్క లేదు గనక ఎవరూ ఆపరు. కేబుళ్లు మూడైతే నకళ్లకు నకళ్లు పుడతాయి. దీన్నే బ్రాడ్‌కాస్ట్ తుఫాను అంటారు.

ఈ చిక్కు విప్పమని డెక్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్‌కు పైఅధికారి ఒక శుక్రవారం అప్పగించి, వారం రోజులు సెలవు మీద వెళ్లిపోయాడు. నెట్‌వర్క్ ఎంత పెరిగినా పెట్టెకు కావలసిన జ్ఞాపకశక్తి పెరగకూడదన్నది షరతు. ఉపాయం ఆ రాత్రే తట్టిందని ఆమె చెబుతారు. వారం మొదట్లోనే రాసి ముగించేశారు. చూపిద్దామంటే ఆయన ఊళ్లో లేడు. మిగిలిన రోజుల్లో ఆ ఉపాయం మీదే ఒక కవిత అల్లారు. 1985లో వెలువడిన సాంకేతిక పత్రంలో ఆ కవితా ఉంది. ఇంజినీర్ల పత్రాల్లో ఇంత మర్యాదైన అల్లరి అరుదు.

ఉపాయం పేరు స్పానింగ్ ట్రీ. ప్రతి పెట్టెకూ ఒక సంఖ్య ఉంటుంది. మొదట ప్రతిదీ "నేనే పెద్దను" అంటుంది. తనకంటే చిన్న సంఖ్య వినబడగానే తగ్గిపోతుంది. అందరికంటే చిన్న సంఖ్య ఉన్న పెట్టె ఈ చెట్టుకు వేరు. ప్రతి పెట్టె ఆ వేరుకు దగ్గరి దారి ఒకటి ఎంచుకుంటుంది. వలయం కట్టే పోర్టులు మూతపడతాయి. మిగిలేది గణితవేత్తలు చెప్పే చెట్టు, అంటే ఎక్కడా చుట్టు తిరిగి రాని ఆకారం. (ఊడలు దిగిన మన మర్రి ఆ లెక్కన చెట్టే కాదు.) ఇక్కడ ఓ తమాషా ఉంది. ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోతే చిన్న సంఖ్య తరచు అన్నిటికంటే పాత పెట్టెదే అవుతుంది. మూలన పడున్న ముసలి స్విచ్ భవనమంతటికీ పెద్దరికం చేస్తూ ఉంటుంది.

మూతపడ్డ పోర్ట్ నిద్రపోదు. వేరు నుంచి రెండు సెకన్లకోసారి వచ్చే పలకరింపు వింటూ ఉంటుంది. 20 సెకన్లు ఆ పలకరింపు అందకపోతే ఇంకో 30 సెకన్లు ఆచితూచి తెరుచుకుంటుంది. 1990లో ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ ప్రమాణంగా వచ్చిన పద్ధతి ఇది. సర్వర్లకు 50 సెకన్లంటే యుగం గనక 2001లో త్వరగా తేరుకునే రూపం తెచ్చారు.

అసలు భయం వేరే ఉంది. మౌనంగా ఉండవలసిన తీగ పొరపాటున పలికితే? 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో జరిగింది అదే. ముక్కకు ముక్క అతికిస్తూ పోయిన నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ భరించే పొడవును దాటిపోయింది. ఒకరోజు సమాచారం వరదలా వచ్చేసరికి చెట్టు చెదిరి వలయం ఏర్పడింది. దాదాపు నాలుగు రోజులు వైద్యులు, నర్సులు కాగితాలతో నెట్టుకొచ్చారు. కంప్యూటర్లలో ఏ లోపమూ లేదు.

ఒక తీగను మూసిపెట్టే బదులు రెండు తీగలనూ కలిపి ఒకే తీగగా వాడుకునే పద్ధతి కూడా ఉంది. ఇప్పుడు చాలాచోట్ల అదే. రెంటినీ ఒకే డక్టులో దింపితే మాత్రం ఎలుకకు శ్రమ తగ్గించినట్టే. ఒకటి మెట్ల వైపు నుంచి, ఇంకొకటి లిఫ్ట్ వైపు నుంచి రావాలి. పెర్ల్‌మన్ తానే ఆ తర్వాత ట్రిల్ అనే కొత్త పద్ధతికి పూనుకున్నారు. 2011లో ప్రమాణమైన ఆ పద్ధతిలో కవరు మీద చేతులు మారిన లెక్క చేరింది, కాబట్టి ఏ తీగనూ మూసిపెట్టనక్కర్లేదు. అయినా పాత చెట్టే ఇంకా ఎన్నో భవనాల్లో పనిచేస్తోంది. కొన్ని స్విచ్‌ల మీద మూతపడ్డ పోర్ట్ పక్కన చిన్న దీపం ఆకుపచ్చగా కాక, నారింజ రంగులో వెలుగుతుంది.