ఎదురు పలువరుస : వయసు వచ్చిన పిమ్మట చికిత్స

కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వు స్త్రీని చూచి మనము సిగ్గరియని మెచ్చుకొందుము. మా ఆడుబిడ్డ యట్లు నవ్వుట సిగ్గుచేత గాదని గ్రహించుటకు మాకు 10 ఏండ్లు పట్టినది. ఆమె క్రిందిపలువరుస పైవరుసను దాటి ముందుకు నిలిచియున్నది. ముందుపండ్లతో జామపండు కొరుకజాలదు. పెండ్లిపందిళ్లలో బంధువులు "మొండిగడ్డ"మని పరిహసించిరి. కొందరు కన్నతల్లినే తప్పుపట్టిరి. ఆమె వయసిపుడు 29 ఏండ్లు. చికిత్స మాట యెత్తినంతనే మా అత్తగారు, "మొక్కై వంగనిది మ్రానై వంగునా?" అనిరి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమునకు మూలము.

ఈ లక్షణము పెక్కుచోట్ల వంశపారంపర్యముగా వచ్చును. ఐరోపాలోని హబ్స్‌బర్గు రాజవంశపు చిత్తరువులలో తరతరములకును ఇట్టి దవడయే కానవచ్చును. స్పెయిను రాజగు రెండవ ఛార్లెసు (1661–1700) ఆ వంశమువాడే. రాజులకు తప్పనిదానికి తల్లిపెంపకమును నిందించుట యవివేకము.

లోపము రెండు తెరగులు. పండ్లు మాత్రమే వంకరగా నిలుచుట యొకటి; దవడయెముకలే పొందిక దప్పుట రెండవది. ఏది యెట్టిదో ప్రక్కనుండి తీసిన ఎక్సురే పటము తెలుపును. సుమారు 10 ఏండ్లలోపు బిడ్డలకు ముఖమునకు తొడుగు సాధనముతో పైదవడను ముందుకు లాగవచ్చును. ఎముక యెదుగుట ముగిసిన పిదప అది సాగదు. అత్తగారి సామెత యంతవరకు నిజమే.

కాని పండ్ల విషయము వేరు. పంటిని మెల్లగా నొక్కినచో ఒకవైపు ఎముక కరగి, వేరొకవైపు క్రొత్త యెముక పుట్టును. ఇది యేవయసునందైనను జరుగును. చిగుళ్లు మాత్రము ఆరోగ్యముగా నుండవలెను. కావున స్వల్పలోపమును తీగెలతోనో, పారదర్శకమగు తొడుగులతోనో సవరింపవచ్చును. ఒక్కొక్కప్పుడు పంటిని తీయవలసివచ్చును. పలువరుస కుదురును గాని గడ్డము వెనుకకు పోదు.

దవడలలో భేదము హెచ్చుగా నున్నచో శస్త్రచికిత్స యవసరమగును. క్రిందిదవడను నోటిలోపలినుండియే కోసి జరుపు పద్ధతిని ట్రౌనరు, ఒబ్వెగెసరు అను వైద్యులు 1957లో ప్రకటించిరి. నేడు పైదవడను ముందుకో, క్రిందిదానిని వెనుకకో, రెంటినో జరిపి, టిటానియపు చిన్నరేకులతో బిగింతురు. అంతకుముందు ఏడాదికి పైగా తీగెలు ధరింపవలెను. ఆ దినములలో ముఖము మునుపటికంటె వికృతముగా తోచును. శస్త్రచికిత్స పిదప కొన్ని వారములు ద్రవాహారమే గతి. క్రిందిపెదవి తిమ్మిరెక్కును; కొందరికది యెన్నటికిని పూర్తిగా పోదు. తీగెలు తీసిన పిమ్మట పండ్లు మరల జరుగకుండ నిలుపుసాధనమును ధరింపకున్న శ్రమయంతయు వ్యర్థము.

కొలది మాసములలో గడ్డమును మార్తుమనువారిని నమ్మకుడు. పండ్లను సవరించు వైద్యుడును, దవడశస్త్రవైద్యుడును కలిసి యోచించుచోటికే పొండు. వ్యయమెంత, అపాయమేమి, చికిత్స మానిన నేమగునని మువ్విధముల నడుగుడు. నమలుటకు బాధ లేనిచో మానుకొనుటయు తప్పుగాదు.

ఇవన్నియు విని మా ఆడుబిడ్డ రెండుదినములు మాటలాడలేదు. మూడవనాడు వంటయింటిలో, "వదినా, సంబంధముల కొరకైనచో నాకు వలదు. జామపండు కొరుకుట కైనచో చేయించుకొందును" అనెను. అత్తగారు బదులు చెప్పక, మరునాడు తన గొలుసు తెచ్చి ఆమె చేతిలో నుంచిరి.

తీగెలు వేసి 8 మాసములైనది. శస్త్రచికిత్స యింకను ముందున్నది. నవ్వునపుడు కొంగింకను నోటికడకు పోవుచునే యున్నది. మేమేమియు ననము. మీ యింట 7, 8 ఏండ్ల బిడ్డకు క్రిందిపండ్లు ముందుకు వచ్చినచో నేడే దంతవైద్యునికి చూపుడు. పేరుపెట్టి పిలుచువారి నోరు మాత్రము మీరే మూయింపవలయును.