సముద్రానికి నిధులు, మనిషికి హక్కులు



గంజాం తీరం మొదలుకొని యానాం దాకా సముద్రపు ఒడ్డున బతికే మన తెలుగు పల్లెల్లోకి అప్పుడప్పుడూ కొత్త మనుషులు వస్తుంటారు. తాబేళ్ల గుడ్లు లెక్కపెట్టేవారు కొందరు, మత్స్యకారుల హక్కుల మీద సమావేశాలు జరిపేవారు మరికొందరు. ప్రభుత్వ ఉద్యోగులు కారు గదా, వీరికి ఖర్చులెవరు ఇస్తున్నారన్న సందేహం మీకు వచ్చే ఉంటుంది. ప్రపంచమంతటా ఇలాంటి పనులకు వచ్చే సొమ్ములో కొంత భాగం ప్రైవేటు ఫౌండేషన్లు ఇచ్చేది. అవి ఏమిటి, సముద్రం మీదా మానవ హక్కుల మీదా ఎందుకు ఖర్చు పెడతాయి, ఆ విషయంలో మనం గమనించవలసింది ఏమిటి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

గుడిలో శాశ్వత పూజ కట్టడం మనకు తెలిసినదే. దాత ఒకసారి కొంత సొమ్ము జమ చేస్తాడు. అసలు కదలదు. వడ్డీతో ఏటా ఆయన చెప్పిన రోజున పూజ జరుగుతుంది. ఫౌండేషన్ కూడా ఇంచుమించు ఇలాంటిదే. వ్యాపారంలో బాగా గడించిన కుటుంబం తన ఆస్తిలో కొంత విడదీసి నిధిగా ఏర్పాటు చేస్తుంది. ఆ నిధిని షేర్లలో, బాండ్లలో పెట్టి, దాని రాబడిని మంచి పనులకు ఇస్తారు. అమెరికా చట్టం ప్రకారం ప్రైవేటు ఫౌండేషన్ ఏటా తన ఆస్తి విలువలో సుమారు 5 శాతం ఇలా వెచ్చించాలి. అంటే 100 కోట్లు ఉంటే సుమారు 5 కోట్లన్నమాట. అందుకు బదులుగా పన్నులో రాయితీ ఉంటుంది.

అయితే ఒక తేడా ఉంది. గుడిలో ఏ పూజ జరగాలో ముందే ఖాయమై ఉంటుంది. ఫౌండేషన్‌లో ఏ పనికి ఎంత ఇవ్వాలో ధర్మకర్తలే నిర్ణయిస్తారు. ఆ ధర్మకర్తలను మీరూ నేనూ ఓటు వేసి ఎన్నుకోము. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

ఒక ఉదాహరణ చూద్దాం. విమానాశ్రయాల్లో పన్ను లేకుండా సరుకులు అమ్మే దుకాణాల వ్యాపారంలో వాటా ఉన్న అలాన్ పార్కర్ అనే ఆయన సంపదతో ఏర్పడింది ఓక్ ఫౌండేషన్. 1983లో స్థాపించారు. కేంద్ర కార్యాలయం స్విట్జర్లాండులోని జెనీవాలో ఉంది. పర్యావరణం, మానవ హక్కులు రెండూ దాని కార్యక్రమాల్లో ఉన్నాయి. అమెరికాలో పర్యావరణ సంస్థలు పెట్టే ఖర్చులో సముద్రాలకు అందేది అర శాతం కూడా లేదని 1999లో ఒక అధ్యయనంలో తేలింది. దాంతో ఓక్, మరికొన్ని ఫౌండేషన్లు కలిసి 2001లో ఓషియానా అనే సంస్థను నెలకొల్పాయి. మధ్య అమెరికాలోని బెలీజ్ అనే చిన్న దేశంలో ఈ సంస్థ ట్రాలర్ల మీద ఉద్యమం నడిపింది. సముద్రపు అడుగును గీకివేసే ట్రాలు వలలను 2010 చివరిలో ఆ దేశం పూర్తిగా నిషేధించింది.

మరి చేపలకూ మానవ హక్కులకూ సంబంధం ఏమిటి? 2015లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఇండోనేషియాలోని బెంజినా అనే ఊరిలో ఒక ఘోరాన్ని బయటపెట్టారు. మయన్మార్ వంటి దేశాల నుంచి మోసగించి తెచ్చిన కూలీల చేత చేపల బోట్లపై ఏళ్ల తరబడి జీతం లేకుండా చాకిరీ చేయించారు. కొందరిని బోనుల్లో బంధించారు. ఆ కథనాల తర్వాత 2,000 మందికి పైగా విడుదలయ్యారు. చట్టం కన్ను గప్పి సముద్రాన్ని ఖాళీ చేసే బోటు, కూలీ కడుపు కొట్టడానికీ వెనుదీయదు. అందుకే కొన్ని ఫౌండేషన్లు ఈ రెండింటినీ ఒకే పనిగా చూస్తున్నాయి.

నాణేనికి రెండో వైపు కూడా ఉంది. సముద్రాన్ని కాపాడే పేరుతో మత్స్యకారుడి పొట్ట మీద దెబ్బ పడవచ్చు. దూరం వెళ్లక్కర్లేదు. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా వేటపై ఆంక్షలుంటాయి. తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా ఇవి అమలవుతాయి. ఇవి ప్రభుత్వం పెట్టినవి, ఫౌండేషన్లు పెట్టినవి కావు. తాబేళ్లకు పెద్ద ముప్పు ట్రాలర్ల వల్ల. కానీ ఏడు నెలల ఇబ్బంది మోటారు బిగించుకున్న చిన్న పడవ వారికీ తప్పదు. గంజాం తీరంలో ఆ పడవల మీద వెళ్లేవారిలో ఎందరో తెలుగు మాట్లాడే నోలియాలు. మరోవైపు రుషికుల్య దగ్గర పురుణాబంధ వంటి పల్లెల యువకులే గుడ్లకు కాపలా కాస్తారు. 2004 ప్రాంతంలో మత్స్యకార సంఘాలూ, తాబేళ్ల రక్షకులూ ఒకే వేదిక మీదకు వచ్చి మాట్లాడుకున్నారు. తాబేలుకు జాలరి శత్రువు కాడని దీనివల్ల తెలుస్తోంది గదా!

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న మత్స్యకారుల కోసం మార్గదర్శకాలు ఆమోదించింది. మానవ హక్కులే వాటికి పునాది. తీరంలో ఏ నిర్ణయం చేసినా అక్కడివారిని ముందుగా అడగాలన్నది వాటి సారాంశం. ఇవి చట్టం కావు, పాటించమని దేశాలకు చేసిన సూచనలు. అయినా మనం చేత పట్టుకుని మాట్లాడడానికి పనికివస్తాయి.

మన దేశంలో విదేశీ విరాళాలకు 2010 నాటి చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించారు. విదేశీ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలో పడాలి. దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కార్యాలయ ఖర్చులు 20 శాతం దాటకూడదు. దీనివల్ల లెక్క గట్టిపడింది. అయితే పెద్ద సంస్థ తీసుకున్న సొమ్ములో పల్లెలోని చిన్న సంఘానికి వాటా పంచే దారి మూసుకుపోయింది.

కాబట్టి శ్రోతలారా, ఏదైనా సంస్థ మీ ఊరికి వస్తే మర్యాదగా కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగండి. ఈ సొమ్ము ఎవరిచ్చారు? ఏ పనికని ఇచ్చారు? ఆ పనివల్ల మా వేటకు ఎన్నాళ్లు ఆటంకం, ఆ రోజుల్లో మా ఇల్లు గడిచేదెట్లా? నిర్ణయం చేసే సమావేశంలో మా ఊరివాళ్లు ఎందరుంటారు? జవాబు తెలుగులోనో, ఒడియాలోనో, మీకు అర్థమయ్యే భాషలో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆడవాళ్లను కూడా ఆ సమావేశానికి పిలవండి. ఒడ్డుకు వచ్చిన చేపను ఎండబెట్టేదీ, గంపకెత్తి అమ్మేదీ వారే గదా.

ఫౌండేషన్ ధర్మకర్తలను మనం ఎన్నుకోలేమని ముందే చెప్పుకున్నాం. కానీ వారి సొమ్ము మన తీరంలో ఖర్చయ్యేటప్పుడు అడిగే హక్కు మనకుంది. నిజాయితీగా పని చేసే సంస్థ ఆ ప్రశ్నలకు నొచ్చుకోదు, సంతోషిస్తుంది. సముద్రం బాగుండాలి, దాన్ని నమ్ముకున్నవారూ బాగుండాలి.