ఏడు జట్లు తిరిగిన కబడ్డీ ఆటగాడు

సాయంత్రం ఆటల గంట కొట్టగానే మన గ్రౌండులో కబడ్డీ మొదలైతది. జట్లు పంచుకునేటప్పుడు ఏమి జరుగుతదో అందరికి తెలిసిన సంగతే. "నేను కూతకు పోత, నేను కూతకు పోత" అని అందరు ముందుకు వస్తరు. "మూలకు ఎవరు నిలబడతరు?" అంటే మాత్రం ఒక్కరు పలకరు. కూతకు పోయినోనికి చప్పట్లు, మూలకు నిలబడ్డోనికి మోకాళ్ళ దెబ్బలు. ఎవరికి ఇష్టముంటది?

కాని ఆ మూలనే నమ్ముకొని 46 ఏళ్ళ వయసు దాక పెద్ద పెద్ద జట్లలో ఆడిన మనిషి ఒకాయన ఉన్నడు. ఆయన పేరు ధర్మరాజ్ చేరలాతన్. తమిళనాడులోని తంజావూరు జిల్లా ఆయనది. 1975లో పుట్టిండు. మన తెలుగు టైటాన్స్ జట్టుకు కూడ ఆడిండు. ఆయన గురించి, ఆయన చేసే పని గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పట్టేవాని పని ఏమిటి?

కబడ్డీలో ఒక్కో జట్టుకు ఏడుగురు. ఎదుటి జట్టు నుండి ఒకడు కూతకు వస్తడు. వానిని రైడర్ అంటరు. వానికి ఉన్న సమయం 30 సెకండ్లు. ఈ 30 సెకండ్లలో వాడు ఎవరినైన తాకి నడిగీత దాటిపోతే వాళ్ళకు పాయింటు. పోనియ్యకుండ పట్టుకుంటే మనకు పాయింటు. పట్టేవారిని డిఫెండర్లు అంటరు.

ఏడుగురు ఒక గొలుసు లాగ నిలబడతరు. ఆ గొలుసుకు రెండు చివరల ఉండేవాళ్ళే కార్నర్లు, అనగా మూల ఆటగాళ్ళు. వాళ్ళ పక్కన ఉండేవాళ్ళను 'ఇన్' అని, తరువాతి వాళ్ళను 'కవర్' అని, నడుమ ఉండేవానిని 'సెంటర్' అని పిలుస్తరు. రైడర్ కాలు చాపి తాకుదామని చూసినప్పుడు ఆ కాలి చీలమండను దొరకబుచ్చుకోవడం మూల ఆటగాని ముఖ్యమైన పని. ఒక రెప్పపాటు ముందు దూకితే రైడర్ తాకి తప్పించుకుంటడు. ఒక రెప్పపాటు ఆలస్యమైతే కాలు వెనుకకు పోతది. కాబట్టి ఈ పనికి బలం ఒక్కటే చాలదు, ఓపిక కావాలె. ఎదుటివాని కళ్ళు, నడుము, కాళ్ళు చూసి వాడు ఏమి చెయ్యబోతున్నడో ముందే పసిగట్టాలె. ఒకడు పట్టగానే మిగతావాళ్ళు మీద పడి ఆపాలె.

చేరలాతన్ ఇట్లాంటి మూల ఆటగాడు. కూతకు పోవడానికి వేగం కావాలె, వేగం వయసుతోటి తగ్గుతది. పట్టు పట్టడానికి కావలసిన చూపు, ఓపిక ఆడినకొద్ది పెరుగుతయి. ఆయన అంతకాలం ఆడగలగడానికి ఇది ఒక కారణం అని చెప్పవచ్చును.

వేలంలో ఆటగాళ్ళు

ప్రో కబడ్డీ లీగ్ 2014 జూలైలో మొదలైంది. అప్పటికి చేరలాతన్‌కు 39 ఏళ్ళు. చాలామంది ఆట మానుకునే వయసు అది!

ఈ లీగ్‌లో ఆటగాళ్ళను జట్ల యజమానులు వేలంలో తీసుకుంటరు. మన దగ్గర వేలం అంటే చెరువు చేపలకో, చింతచెట్ల కాయకో జరుగుతది. అక్కడ మనుషుల ఆటకు ధర పలుకుతది. ఒక జట్టు ఖర్చు పెట్టవలసిన డబ్బుకు హద్దు ఉంటది. అందువలన కొందరిని ఉంచుకొని మిగతావారిని వదిలేస్తరు. వదిలేసిన ఆటగాడు మళ్ళీ వేలానికి వస్తడు. ఇంకొక జట్టు పిలిస్తే పోతడు. ఎవరు పిలువకపోతే ఆ యేడు ఇంటి దగ్గరనే.

చేరలాతన్ ప్రయాణం చూడండి:

2014, 2015 – బెంగళూరు బుల్స్
2016 జనవరి నుండి మార్చి – తెలుగు టైటాన్స్
2016 జూన్, జూలై – పట్నా పైరేట్స్
2017 – పుణేరి పల్టన్
2018 – యు ముంబా
2019 – హర్యానా స్టీలర్స్
2021–22 – జైపూర్ పింక్ పాంథర్స్

(2020లో కరోనా వలన లీగ్ జరుగలేదు.)

ఎనిమిది సీజన్లు, ఏడు జట్లు! ప్రతిసారి కొత్త ఊరు, కొత్త భాష, పక్కన కొత్త మనుషులు. నిరుడు మనతో చెయ్యి కలిపి పట్టినోడే ఈ యేడు మన మీదికి కూతకు వస్తడు.

హైదరాబాదులో ఎత్తిన కప్పు

2016 మార్చి దాక ఆయన టైటాన్స్ ఆటగాడు. అదే యేడు జూన్ నాటికి పట్నా జట్టుకు కెప్టెన్. ఆ సీజన్ ఫైనల్ జూలై 31న మన హైదరాబాదులోనే, గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. టైటాన్స్ సెమీఫైనల్‌లోనే జైపూర్ చేతిలో ఓడిపోయింది. ఫైనల్‌లో పట్నా 37–29తో జైపూర్‌ను ఓడించింది. టైటాన్స్ జనం ముందర, టైటాన్స్ ఊరిలో, కొన్ని నెలల కింద టైటాన్స్ బనీను వేసుకున్న మనిషి వేరే జట్టు కెప్టెన్‌గా కప్పు ఎత్తిండు. అప్పటికి ఆయన వయసు 41.

ఆ పట్నా జట్టు అంటే అందరికి గుర్తొచ్చేది కూతగాడు ప్రదీప్ నర్వాల్. టైటాన్స్ అంటే రాహుల్ చౌదరి. ఇద్దరు గొప్పవాళ్ళే. కాని కూతగాడు తెచ్చిన పాయింట్లు పోకుండ కాపాడేది వెనుక ఉన్న పట్టేవాళ్ళే గద!

అదే యేడు అక్టోబరులో అహ్మదాబాదులో ప్రపంచకప్పు జరిగింది. భారత్ ఫైనల్‌లో ఇరాన్‌ను 38–29తో గెలిచింది. ఆ భారత జట్టులో కూడ చేరలాతన్ ఉన్నడు. తోటి ఆటగాళ్ళు ఆయనను 'అన్న' అని పిలిచేవాళ్ళు.

కూలి మేస్త్రి – ఆటగాడు

అమెరికాలో గ్రిడైరన్ ఫుట్‌బాల్ అనే ఆట ఉన్నది. పేరుకు ఫుట్‌బాల్ గాని అందులో బంతిని చేత పట్టుకొని ఉరుకుతరు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలె. పోకుండ పట్టి పడెయ్యడం డిఫెండర్ల పని. ఒకరకంగ మన కబడ్డీ పట్టు లాంటిదే. అక్కడ జట్టు వెంట జట్టు మారే ఆటగాణ్ణి 'జర్నీమ్యాన్' అంటరు. ఆ మాట రోజుకూలి నుండి వచ్చింది. పూర్వం ఐరోపాలో పని నేర్చుకొని, సొంత దుకాణం లేక, రోజుకు ఇంత అని కూలి తీసుకొని పనిచేసే పనివానిని అట్ల పిలిచేవారు.

ఇది చదివినప్పుడు నాకు మన పెద్దలే గుర్తుకు వచ్చిండ్రు. పాలమూరు కూలీలు కట్టని డ్యాము, తవ్వని కాలువ దేశంలో తక్కువ అని అంటరు. గుంపు మేస్త్రి వెంట ఒక యేడు ఒక రాష్ట్రం, మరుయేడు ఇంకొక రాష్ట్రం. పని అయిపోయిందంటే పంపించేస్తరు. మళ్ళీ ఇంకొక తావు వెతుక్కోవాలె. దానిని మనం చిన్నతనంగ చెప్పుకుంటం. "మా నాయిన వలస పోయిండు" అని తలకాయ దించుకొని చెప్తం. కాని ఊరు మారినా, మేస్త్రి మారినా చేతిలోని పని మాత్రం మనిషి వెంటనే పోతది. చేరలాతన్‌ను ఏడు ఊర్లు పిలిచినయంటే కారణం అదే. వదిలిపెట్టబడ్డోడు పనికిరానోడు కాదు. ఇంకొకరు పిలిచే పని నేర్చినోడు.

అయితే ఒక మాట మరువవద్దు. చీలమండ విరిగినా, మోకాలు పోయినా వేలంలో ఎవరు పిలువరు. అందుకే చాలామంది కబడ్డీ ఆటగాళ్ళు స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో, పోలీసులోనో ఉద్యోగం కూడ చూసుకుంటరు. దానికి చదువు కావాలె. కాబట్టి ఆటతోటి చదువు, చదువుతోటి ఆట.

మీకు తెలుసా?

★ మైదానంలో ముగ్గురు లేక అంతకన్న తక్కువ డిఫెండర్లు ఉన్నప్పుడు రైడర్‌ను పట్టుకుంటే దానిని 'సూపర్ టాకిల్' అంటరు. రెండు పాయింట్లు వస్తయి.
★ పెద్ద మగవాళ్ళ కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు.

చివరగా ఒక కోరిక. ఈ ఆదివారం జట్లు పంచుకునేటప్పుడు "మూలకు ఎవరు?" అని అడిగితే కనీసం ఇద్దరన్న చెయ్యి లేపాలె. ఒక చెయ్యి నాది.

– 9వ తరగతి విద్యార్థి