తండ్రి వృత్తి అనే గడి

మన ట్రస్టుకు వచ్చే ఉపకార వేతనాల దరఖాస్తులను సరిచూసే పని కొన్నేళ్లుగా నాకు అప్పగించారు. మార్కుల జాబితా, ఆదాయ ధృవపత్రం చూసిన తరువాత రెండు గడుల దగ్గర నా కన్ను ఆగుతుంది. ఒకటి ‘తండ్రి వృత్తి’. రెండవది ‘భవిష్యత్తులో ఏమి కావాలని కోరిక?’. ఈ రెండవ గడిలో చాలాసార్లు చేతిరాత పిల్లలది, కోరిక తండ్రిది. అందుకే ఈ విషయమై విద్యార్థులకు, తల్లిదండ్రులకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

చూసి నేర్చుకునేది

తండ్రి ప్రభావం మూడు విధాలుగా పని చేస్తుంది. ఆయన నోటితో చెప్పేది ఒకటి, చేతితో చేసేది రెండవది, ఆయన భయపడేది మూడవది. మా నాయన రెడ్‌హిల్స్‌లో ఒక రైసు మిల్లులో లెక్కలు రాసేవారు. రాత్రి ఇంటికి వచ్చి బస్తాల లెక్క నా చేత మళ్లీ కూడించేవారు. పైసా తేడా వస్తే అన్నం దగ్గర కూర్చునేవారు కాదు. “బీకాం చదువు” అని ఆయన ఒక్కనాడూ అనలేదు. అయినా నేను బీకాం చదివి, పరీక్ష రాసి బ్యాంకు గుమాస్తానయ్యాను.

మన జిల్లాలోని తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి సంగతి చూడండి. తండ్రి వీరాస్వామి గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. కొడుకు ఉపకార వేతనాలతో చదువుకున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తత్వశాస్త్రం తీసుకోవడానికి ఒక కారణం, ఆ చదువు పూర్తిచేసిన బంధువు ఒకరు తన పుస్తకాలు ఇవ్వడమే. అది తండ్రి వృత్తి కాదు. ఆ దారిలోనే ఆయన 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులు, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన కుమారుడు గోపాల్ గారు కూడా తండ్రి దారిన పోలేదు, చరిత్రకారులయ్యారు. 1989లో తండ్రి జీవితచరిత్ర రాస్తూ గొప్పలతో పాటు లోపాలను కూడా దాచలేదు. పిల్లలు మనలను ఎంత నిశితంగా గమనిస్తారో ఇందువల్ల తెలుస్తుంది.

నా పొరపాటు

మా అబ్బాయికి లెక్కల మాస్టారు కావాలని ఉండేది. 2005లో నేనే వాడిని వెంటబెట్టుకుని అన్నా విశ్వవిద్యాలయానికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు తీసుకువెళ్లాను. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని అడిగినప్పుడు జవాబు చెప్పింది నేనే. వాడు పక్కన నిలబడ్డాడు. మా ఇరుగుపొరుగున సాఫ్ట్‌వేర్ జీతాలు చూసిన నాకు, మాస్టారి జీతం అంటే భయం వేసింది. అంతకన్నా కారణం లేదు.

ఇంట్లోనే ఆఫీసు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అబ్బాయి ఆఫీసు ఇంటి గదిలోకి మారింది. ఇప్పటికీ వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నేను సర్వీసులో ఉన్నప్పుడు పొద్దున్న ఏడింటికి పోయి రాత్రి వచ్చేవాడిని, కొడుకు ఏ సెక్షనో కూడా తెలియదు. వీడు ఇంట్లో ఉంటాడు కదా, బిడ్డకు తండ్రి దొరికాడని సంతోషించాను. మనవరాలిని బడిలో “మీ నాన్న ఏమి పని చేస్తారు?” అని అడిగితే, “తలుపు వేసుకుంటారు” అని చెప్పిందట. ఇంట్లో అందరూ నవ్వారు. అబ్బాయి నవ్వలేదు.

బ్యాంకులో ఒకే చెక్కును రెండు ఖాతాలలో జమ వేయలేము. గంట కూడా అంతే. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బిడ్డను చూసుకుంటున్నామంటే పని సగం, బిడ్డ సగం. కోపం మాత్రం పూర్తిగా వస్తుంది. మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు ఇది:

1. ఆనాటి మీటింగుల వేళలు కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తాడు. ఎప్పుడు తలుపు తట్టవచ్చో బిడ్డకు తెలుసు.

2. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర వరకు గంట బిడ్డది. ఫోను వేరే గదిలో ఉంటుంది. ఆ పని రాత్రి పూర్తిచేస్తాడు. ఈ సంగతి పై అధికారికి ముందే చెప్పి ఒప్పించాడు.

3. కోడలికి కూడా ఉద్యోగమే. బడికి దింపడం, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లడం వారాల వారీగా పంచుకున్నారు. ఇంట్లో ఉన్నారు కదా అని అన్నీ ఒకరి మీదే వేయకూడదు.

4. నెలకొకసారి తన పని ఏమిటో బిడ్డకు చూపిస్తాడు. అంగడిలో బిల్లు ఎలా వస్తుందో చూపించినప్పుడు మా మనవరాలు వంద ప్రశ్నలు వేసింది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవడం మంచిది. 2017 సవరణతో తల్లులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి ఇద్దరు బిడ్డల వరకు 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు సంస్థలలో తండ్రి సెలవు ఆయా సంస్థల నియమాలను బట్టి ఉంటుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంతో పాటు ఇది కూడా అడగండి.

ఒక మనవి

ఈ మధ్య అబ్బాయిని అడిగాను, “నీ కోరిక కాదని ఇంజనీరింగులో వేశాను. నా మీద కోపముందా రా?” అని. “కోపం లేదు నాయనా. ఆ రోజు ఒక్క మాట నన్ను అడిగి ఉంటే బాగుండేది” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తల్లిదండ్రులారా, ఖర్చు ఎంత, చదివాక ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది అని విచారించి చెప్పడం మన బాధ్యత. అడగకుండా నిర్ణయించడం మన హక్కు కాదు. విద్యార్థులారా, మీ నాన్న పని చేసే చోటుకు ఒక రోజు వెళ్లి చూడండి. ఆయన భయం ఏమిటో అడిగి తెలుసుకోండి. ఆ తరువాత మీ మనసులోది చెప్పండి. ఈ ఏడాది దరఖాస్తులో ఆ రెండవ గడిని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాకనే నింపండి. అందులో చేతిరాతా, కోరికా రెండూ మీవే అయి ఉండాలి.