ఖానాపూర్ నుంచి కుంటాల దాకా ఒక్కరోజు



సెలవులు రాగానే పిల్లలు ఎక్కడికన్నా తీసుకుపొమ్మని ప్రాణం తీస్తారు. మన దిక్కు వాళ్ళకు రెండే తోస్తాయి. ఒకటి బాసర, రెండు హైదరాబాదు జంతు ప్రదర్శనశాల. బాసరకు నేనూ మొక్కుతాను, కాదనను. కాని తెల్లవారుజామున బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరేటంత దూరంలోనే ఒక యుద్ధం జరిగిన నేల ఉంది, ఆ యుద్ధానికి ఆశ్రయమిచ్చిన అడవీ ఉంది. రెంటినీ ఒకే రోజున చూడవచ్చు. చూస్తే రెండూ కలిపే చూడాలని కూడా నేనంటాను. ఎందుకంటే ఆ యుద్ధం చేసినవాళ్ళకు రాతికోట లేదు. అడవే వాళ్ళ కోట. కథ విన్న రోజే అడవిలో నాలుగడుగులు వేస్తే అది పిల్లలకు కూడా బోధపడుతుంది.

ముందొక మాట. దారి చూపే మనిషి లేకుండా ఈ ప్రయాణం పెట్టుకోకండి. వ్యాను డ్రైవరుకు దారి తెలుస్తుంది గాని సంగతి తెలియదు. మన ఊళ్ళలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టార్లు ఎందరో ఉన్నారు. అడిగితే సంతోషంగా వస్తారు. అడవిలో నడకకు మాత్రం ఆ పక్క గూడెం మనిషి తోడుండాలి. చెట్టు పేరు, వాగు లోతు, ఏ వేళకు వెనక్కు తిరగాలి అన్నది వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఊరికే రమ్మనకండి. ఒక రోజు కూలి, పూట భోజనం ముందే మాట్లాడుకోండి. అడవిలో ఎక్కడిదాకా పోవచ్చో ఫారెస్టు వాళ్ళను అడిగి తెలుసుకోవాలి. కవ్వాల అడవిని 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, కనుక వెనకటిలాగా ఎక్కడ పడితే అక్కడ దూరడానికి వీల్లేదు.

ఖానాపూర్ నుంచి బయలుదేరితే మొదట సదర్మాట్ చూడండి. మనకు పక్కనే ఉంది కాబట్టి మనలో చాలామంది దాన్ని చూడనే చూడరు! గోదావరికి అడ్డంగా 1891-92లో కట్టిన ఆనకట్ట అది. డ్యాము వేరు, ఆనకట్ట వేరు. ఇంటి ముందు పారే కాలువకు అడ్డంగా రెండు ఇటుకలు పెట్టి చూడండి. నీళ్ళు ఇటుకల ఎత్తుదాకా లేచి పైనుంచి పొర్లిపోతాయి. అలా లేచినచోట పక్కకు చిన్న గండి పెడితే కొంత నీరు అటు మళ్ళుతుంది. ఆనకట్ట పనిచేసే తీరు అదే. మోటారు అక్కర్లేదు. వరదొస్తే నది గోడ మీదుగా దాటిపోతుంది, వరద తగ్గితే కాలువకు నీరందుతుంది. 13 వేల ఎకరాలకు పైగా పారించాలని కట్టారు. 2018లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారు దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించారు. దీనికి ఎగువన పొన్కల్ దగ్గర ఇప్పుడు కొత్త బ్యారేజీ కూడా వచ్చింది. పొద్దున నీరెండలో గోడ మీదుగా నీళ్ళు జారుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. పిల్లల్ని మాత్రం గోడ మీదకు ఎక్కనివ్వకండి.

అక్కడినుంచి నిర్మల్. నిర్మల్ అంటే మనకు బొమ్మలు. పునికి కర్రతో చేసి రంగులేసే పండ్లు, పిట్టలు, పళ్ళాలు. కాని ఒకప్పుడు ఈ ఊరి పేరు ఫిరంగులతో ముడిపడి ఉండేదంటే ఆశ్చర్యపోతారు. నిజాం సైన్యానికి ఇక్కడ ఫిరంగులు పోతపోసేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో ధంసా అనే ఇబ్రహీం బేగ్ ఏలుబడిలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో ఊరి చుట్టూ గుట్టల మీద కోటలు, బురుజులు లేచాయి. శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ పేర్లు వినే ఉంటారు. వాటిలో ఒకదాన్ని తీరిగ్గా ఎక్కండి. అన్నీ ఎక్కిస్తే మోకాళ్ళ నొప్పుల వాళ్ళు మళ్ళీ మీ వెంట రారు. పైకి చేరాక ఉత్తరం దిక్కుకు తిరిగి చూడండి. దూరాన నీలంగా, వరుసగా కనిపించేవి సాత్మల గుట్టలు. మన కథ అక్కడినుంచే వచ్చింది.

1857 అనగానే మన పిల్లలు మీరట్, ఢిల్లీ, ఝాన్సీ అని అప్పజెప్పుతారు. హైదరాబాదు సంగతి అంతగా చెప్పరు. ఆ ఏడు జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందుండి రోహిల్లాలను వెంటబెట్టుకుని ఇంగ్లీషు వాళ్ళ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ రెసిడెన్సీ ఎక్కడో కాదు, తర్వాత మన ఆడపిల్లలు చదువుకున్న కోఠీ మహిళా కళాశాల భవనమే! దాడి నిలవలేదు. దివాను సాలార్‌జంగ్ ఇంగ్లీషు వాళ్ళ పక్షాన నిలబడ్డాడు. పట్నంలో ఆగిపోయిన పోరు ఉత్తరాన అడవుల్లో మాత్రం ఆగలేదు. మహారాష్ట్ర వైపు నుంచి చెదిరివచ్చిన రోహిల్లాలు, ఇక్కడి గోండులు, తక్కిన గిరిజనులు ఒక్కటయ్యారు. వాళ్ళకు నాయకుడు మర్సుకోల రాంజీ గోండు.

ఆలోచించి చూడండి. వీళ్ళ భాష వేరు, వాళ్ళ భాష వేరు. వీళ్ళ దేవుడు పెర్సాపేను, వాళ్ళది నమాజు. అయినా కలిశారు. గోండులకు ఈ గుట్టలు తాతలనాటి నేల. చాందా కేంద్రంగా గోండు రాజులు ఏలిన కాలం ఇంకా ముసలివాళ్ళ నోళ్ళలో ఉంది. ఆ రాజ్యం పోయింది, పైనుంచి కొత్త పన్నులు, కొత్త అధికార్లు దిగారు. రోహిల్లాల దగ్గర ఆయుధం పట్టిన అనుభవం ఉంది, గోండుల దగ్గర దారుల తెలివి ఉంది. కొట్టడం, గుట్టల్లోకి మాయం కావడం, మళ్ళీ ఇంకోచోట తేలడం. కవాతు నేర్చిన సైన్యానికి ఇది మింగుడు పడలేదు. బళ్ళారి నుంచి కూడా దళాన్ని రప్పించారంటారు. చివరకు నిర్మల్‌కు దక్షిణాన, గోదావరి ఒడ్డున సోన్ దగ్గర రాంజీ చిక్కాడని చెప్పుకుంటారు.

1860 ఏప్రిల్‌లో రాంజీని, ఆయనతో పట్టుబడిన వాళ్ళను నిర్మల్ శివారులో, ఎల్లపెల్లి పోయే దారిలో ఉన్న ఒక పెద్ద మర్రిచెట్టుకు ఉరి తీశారు. వెయ్యిమందినని జనం మాట. అందుకే దానికి వెయ్యి ఉరుల మర్రి అన్న పేరు నిలిచింది. వెయ్యి అన్నది తలలు లెక్కపెట్టిన అంకెనా, లెక్కకు అందనంతమంది అనే అర్థమా అని మాస్టార్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం ఆ వాదం కన్నా ఇంకో సంగతి మనసుకు తగులుతుంది. అంతమందిలో మనకు దక్కిన పేర్లు ఒకటి రెండు. తక్కినవాళ్ళ పేరు, ఊరు, ఇంటిపేరు ఏదీ లేదు. వాళ్ళ కోసం ఏ గూడెంలో ఏ తల్లి ఎన్నాళ్ళు ఎదురుచూసిందో రాసిపెట్టినవాళ్ళూ లేరు.

ఇప్పుడు మీరు వెళితే ఆ చెట్టు కనబడదు. 1995లో గాలివానకు కూలిపోయింది. దారి చూపే మనిషి కావాలన్నది ఇందుకే. చెప్పేవాళ్ళు లేకపోతే ఆ చోటు దాటిపోయి కూడా, దాటిపోయామని తెలియదు. కోటగోడలు ఎవరూ చెప్పకపోయినా కనబడతాయి. ఈ చోటు చెబితేనే కనబడుతుంది. కొందరు తల్లులు అడుగుతారు, చిన్నపిల్లలకు ఉరి సంగతి చెప్పాలా, రాత్రి జడుసుకోరా అని. ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకు, ఇక్కడ మన నేల కోసం కొట్లాడిన వాళ్ళు చనిపోయారని చెబితే చాలు. పెద్దపిల్లలకు దాచవద్దు. వాళ్ళు ఎట్లాగూ సినిమాల్లో ఇంతకన్నా ఘోరాలు చూస్తున్నారు. ఇది నిజంగా జరిగిందని చెప్పి, అడిగినవాటికి జవాబివ్వండి. ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఆ చోట సద్దిమూటలు విప్పకండి.

భోజనం నిర్మల్‌లోనో, ఊరు దాటాక ఏదన్నా చెట్టు నీడనో కానివ్వండి. బొమ్మల దుకాణానికి అరగంట చాలు. ఇంకా ఎక్కువసేపు ఉంటే డబ్బులూ పోతాయి, పొద్దూ పోతుంది.

నిర్మల్ దాటి ఆదిలాబాద్ దారి పట్టగానే మహబూబ్ ఘాట్ ఎక్కుతాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద ఉన్న ఘాట్ ఇది. మలుపుల మధ్య పక్కకు ఆపుకొనే చోటు చూసి దిగి, తోడుకు వచ్చిన మనిషి వెనక ఒక కిలోమీటరు నడవండి. ఎక్కువ అక్కర్లేదు. ఆడవాళ్ళం కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే అడవి కనబడదు. ఒక పది నిమిషాలు నోరు మూసుకుని నడవాలి, కష్టమే గాని తప్పదు! అంతా టేకే. టేకు లేతాకు ఒకటి పిల్లల చేతికిచ్చి అరచేతిలో నలపమనండి. ఎర్రగా పండుతుంది, గోరింటాకు అక్కర్లేదు. మొసలి వీపులాగా పగిలిన బెరడు ఉన్నది నల్లమద్ది. దాని కాండంలో నీరు నిలవ ఉంటుందని అడవివాళ్ళకు తెలుసు. బీడీలకు ఆకు ఇచ్చేది తునికి. ఇప్పచెట్టు చూపించినప్పుడు సారా ఒక్కటే చెప్పి నవ్వకండి. ఎండిన ఇప్పపువ్వు కరువులో ఎన్ని ఇళ్ళ కడుపు నింపిందో అది కూడా చెప్పండి. మొర్రి పండ్లు, మోదుగ ఆకుల విస్తళ్ళు, తేనె... ఇట్లా ఒక్కొక్కటీ చూస్తుంటే, మూడేళ్ళు ఒక సైన్యాన్ని తప్పించుకుని మనుషులు ఎట్లా బతికారన్న ప్రశ్నకు మెల్లగా జవాబు దొరుకుతుంది. తిండి అడవిది, మందు అడవిది, నీళ్ళు వాగువి. వానకాలంలో పది అడుగుల అవతల ఏముందో కనబడనంత ఆకు. మాఘం దాటి టేకు ఆకు రాల్చిందంటే దాగడానికి చోటు తగ్గుతుంది. రాంజీ గోండును ఉరితీసింది ఎండాకాలంలో అని గుర్తుంచుకోండి. రెంటికీ సంబంధం ఉందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. నడుస్తుంటే నాకు తోచింది, అంతే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ అడవి మనుషుల వారసులు నేటికీ అడవి గురించే తర్జనభర్జన పడుతున్నారు. పులి నిలవాలంటే లోపలి ఊళ్ళు బయటకు రావాలని, మన కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గూడేల వాళ్ళను 2024లో బయట కట్టిన కొత్త ఇళ్ళకు తరలించారు. నూరు పైచిలుకు కుటుంబాలు. కొందరు భూమి తీసుకున్నారు, కొందరు డబ్బు తీసుకున్నారు. రోడ్డు, బడి, ఆసుపత్రి దగ్గరైనందుకు సంతోషించినవాళ్ళు ఉంటారు. తాతలను పూడ్చిన చోటు విడిచి వచ్చినందుకు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు. పులీ కావాలి, మనిషీ కావాలి. మనం చూడటానికి పోయినవాళ్ళం గనుక తీర్పు చెప్పవద్దు. గూడెంలో ఆడవాళ్ళు ఎదురైతే అడగకుండా ఫోను ఎత్తి ఫొటో తీయవద్దు. అక్కా, రామ్ రామ్ అని పలకరిస్తే వాళ్ళే మాట్లాడతారు.

చివరికి కుంటాల. పెద్దరోడ్డు మీది నేరడిగొండ నుంచి పక్కకు 12 కిలోమీటర్లు. కడెం వాగు నల్లటి బండల మీద మెట్లుమెట్లుగా 147 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. అడుగున చూడాలంటే నాలుగు వందలకు పైగా మెట్లు దిగాలి. దిగినన్ని మళ్ళీ ఎక్కాలి గదా! పెద్దవాళ్ళు సగంలో కూర్చుని చూసినా లోటు లేదు. దుష్యంతుడి శకుంతల ఇక్కడ జలకాలాడిందని, ఆమె పేరే కుంటాల అయిందని చెబుతారు. బండల సందులో సోమేశ్వరుడున్నాడు, శివరాత్రికి జనం విరగబడతారు. నీళ్ళలోకి మాత్రం దిగవద్దు, దిగనివ్వవద్దు. పైకి మడుగు నిశ్చలంగా కనిపిస్తుంది, లోపల సుడులు, బండల సందులు ఉంటాయి. బండమీది పాచి సబ్బుకన్నా జారుడు. ఈతొచ్చిన కుర్రాళ్ళే ఎంతోమంది ఇక్కడ పోయారు.

ఆ నీళ్ళను చూస్తూ పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి, ఇవి ఎక్కడికి పోతాయని. గుట్టలు దిగి, మళ్ళీ మన ఖానాపూర్ దిక్కుకే వస్తాయి. కడెం ప్రాజెక్టులో నిలిచి, ఆపైన గోదావరిలో కలుస్తాయి. 2022 జూలైలో కడెం డ్యాముకు 5 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు, 18 గేట్లలో ఒకటి తెరుచుకోక, దిగువ ఊళ్ళవాళ్ళు రాత్రికి రాత్రి ఇళ్ళు విడిచారు. ఆ వరదలో ఒక పాలు వచ్చింది ఈ బండల మీదుగానే.

ఇక వేళ సంగతి. దసరా నుంచి సంక్రాంతి దాకా మంచిది. అప్పుడు వాగులో నీళ్ళూ ఉంటాయి, చెట్టు మీద ఆకూ ఉంటుంది. మంచి వానల్లో వద్దు, దారులు జారుతాయి. ఎండాకాలం పోతే కుంటాలలో బండలే కనబడతాయి. జోడేఘాట్ కూడా ఇందులో కలుపుదామని కొందరు ఉబలాటపడతారు. 1940లో కొమురం భీము ప్రాణమిచ్చిన చోటు అది. దానికి వేరే రోజు కావాలి, ఇరికిస్తే రెండూ చెడతాయి. ఇంటినుంచి ఆరింటికల్లా కదలాలి. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పులిహోర ఎండకు ఓర్చుకుంటాయి, పెరుగన్నం మధ్యాహ్నంలోగా ముగించండి. తాగేనీళ్ళు ఇంటినుంచే తీసుకుపోవాలి, ఖాళీ సీసాలు ఇంటికే తేవాలి. కుంటాల మెట్ల దగ్గర్నుంచి నాలుగున్నరకు అందరినీ పైకి పిలవండి. చీకటి పడకముందే ఘాట్ దిగాలి.